నొప్పి తగ్గడం వేరు, వ్యాధి తగ్గడం వేరు

మన మద్నూరులో కీళ్లనొప్పికి పేర్లకు కొదవ లేదు. తెలుగువారు కీళ్లవాతమంటారు. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో గఠియా అంటారు. మరాఠీ కుటుంబాలవారు సంధివాతమంటారు. 2006లో చికెన్‌గున్యా ఊరూరా తిరిగిపోయిన తరువాత వీటన్నింటికీ తోడు 'గున్యా నొప్పులు' అనే మరొక పేరు చేరినది. పేర్లు ఇన్ని ఉన్నను చికిత్స మాత్రం ఒక్కటే: ఒక సూది, పొట్లంలో నాలుగు రంగుల గోలీలు. సాయంత్రానికి నొప్పి దిగుతుంది, ఆ రాత్రి నిద్ర పడుతుంది. వారం తిరిగేసరికి వాపు మళ్లీ వస్తుంది, మళ్లీ సూది పడుతుంది. ఏండ్ల తరబడి ఈ తిరుగుడు సాగిన పిమ్మట వేళ్లు వంకరపోయి, ముంత ఎత్తడానికి కూడా రెండు చేతులూ కావలసి వచ్చినప్పుడు, వయసు మీద పడినదని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. ఆ వయసు ఒక్కొక్కప్పుడు ముప్ఫై అయిదేండ్లు మాత్రమే అయి ఉంటుంది.

ఈ సరిపెట్టుకోవడాన్ని ప్రశ్నించడమే మా వ్యాసోద్దేశం. మందు లేక పాడవుతున్న చేతులు మన ప్రాంతంలో కొన్నే ఉండవచ్చును. వ్యాధికి సరియైన పేరు పెట్టేవారు లేక పాడవుతున్నవే అధికమని మేము భావిస్తున్నాము. కళాశాల మ్యాగజైనులో వైద్యవిషయమేమిటని కొందరికి తోచవచ్చును. ఇందులో విద్యార్థులు మాత్రమే చేయదగిన పని ఒకటి ఉన్నది గనుక దానిని ఇక్కడ వ్రాయడమే ఉచితమని తలచినాము.

ముందుగా వాపు అనగా ఏమిటో చూతము. కాలిలో ముల్లు గుచ్చుకున్నప్పుడు ఆ చోటు ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, నొప్పి పుడుతుంది. ఈ నాలుగు లక్షణాలను క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే సెల్సస్ అనే రోమను రచయిత లెక్కపెట్టి చెప్పినాడు. మన వైద్యగ్రంథాలు దీనిని శోథ అన్నవి. ఇది రోగం కాదు, రక్షణ. రక్తంలోని తెల్లకణాలు ముల్లు వెంట వచ్చిన సూక్ష్మజీవులను ఎదుర్కొనుటకు అక్కడికి పరుగెత్తినందువల్లనే ఆ వేడి, ఆ ఎరుపు. పని ముగిసిన తరువాత కణాలు వెనుదిరుగుతవి, చోటు చల్లబడుతుంది. అట్లు చల్లబడక నెలల కొలదిగా, సంవత్సరాల కొలదిగా రగులుతూ ఉండిపోతే దానిని దీర్ఘకాలిక శోథ అంటారు. క్షయవంటి అంటు లోపల దాగియుండుట, పండ్ల చిగుళ్లు చీము పట్టియుండుట, పొగ త్రాగుట మొదలైనవి దీనికి కారణాలు కావచ్చును. మరికొన్నిసార్లు బయటి శత్రువు ఎవరూ లేకుండానే రక్షణకణాలు సొంత అవయవాన్నే పరాయిదిగా భ్రమించి దానిమీద పడతవి. కంచె చేను మేయడమంటే ఇదే. వైద్యులు దీనిని ఆటో ఇమ్యూన్ వ్యాధి అంటారు. తెలుగులో స్వయం ప్రతిరక్షక వ్యాధి అని వ్రాస్తున్నారు గాని, ఆ మాటను మన తల్లులకు చెప్పితే ఒరిగేది లేదు. కంచె, చేను అంటేనే అర్థమవుతుంది.

శరీరం తనకు తానే హాని చేసుకొంటుందని శాస్త్రజ్ఞులు కూడా చాలాకాలం నమ్మలేదు. ఇరవయ్యవ శతాబ్దారంభంలో పాల్ ఎర్లిఖ్ వంటి మహామేధావి సైతం ప్రకృతి ఇట్టి ఘోరాన్ని జరుగనీయదనే తలచినాడు. 1956లో అమెరికాలో నోయెల్ రోజ్, ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ అనువారు కుందేళ్ల థైరాయిడు గ్రంథిపై చేసిన ప్రయోగాలు వెలువడిన తరువాతనే ఈ భావానికి బలం చేకూరినది. నేడు ఈ కుటుంబంలోని వ్యాధుల పట్టిక చాలా పెద్దది. గొంతు దగ్గరి థైరాయిడు గ్రంథి క్రమంగా చచ్చుబడుట, చిన్నపిల్లలకు వచ్చి ఇన్సులిన్ లేనిదే నిలువనీయని చక్కెరవ్యాధి, చర్మం తెల్లబడే బొల్లి, పొలుసులు రాలే సోరియాసిస్, ముఖంపై సీతాకోకచిలుక ఆకారంలో ఎర్రదద్దు లేపి మూత్రపిండాలదాకా పోయే ల్యూపస్, ఇవన్నీ ఆ కోవలోనివే. వీటిలో అనేకం పురుషులకంటె స్త్రీలనే ఎక్కువగా పట్టుకొంటవి. కీళ్లను తినే రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ కూడా అంతే. పెద్దలలో నూటికి ఒకరిలోపే దీని బారిన పడతారు. పడినవారిలో స్త్రీలు పురుషులకంటె రెండు మూడు రెట్లు అధికం.

మన మండలంలో పత్తి ఏరేది స్త్రీల వేళ్లే. జిల్లాలో బీడీలు చుట్టేదీ స్త్రీల వేళ్లే. వేళ్లతో బ్రతికేవారికి వేళ్ల వ్యాధి వచ్చినప్పుడు ఆ ఇంటి లెక్కలన్నీ తారుమారవుతవి. కాని ఆమె నొప్పి అనగానే పని ఎగవేతకు సాకని అనేవారు మొదట ఇంట్లోనే ఉంటారు. (చుట్టిన బీడీని కాల్చే పురుషునికి ఒక మాట: పొగ త్రాగుట ఈ కీళ్లవ్యాధి వచ్చే అవకాశాన్ని పెంచుతుందని, వచ్చిన తరువాత దానిని ఉద్ధృతం చేస్తుందని రుజువైనది.)

ఈ వ్యాధిని మిగిలిన కీళ్లనొప్పులనుండి వేరు చేయుట అంత కష్టం కాదు. ముసలితనపు మోకాలి అరుగుదల నడిచినకొద్దీ పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. ఇది అందుకు విరుద్ధం. ప్రొద్దున లేవగానే చేతులు కట్టెలవలె బిగుసుకొనిపోయి ఉంటవి. పిడికిలి ముడవడానికి గంటసేపు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. పని చేసినకొద్దీ కొంత సడలుతుంది. వాపు చిన్న కీళ్లలో, అనగా వేళ్ల మొదళ్లలో, నడిమి కణుపులలో, మణికట్టులో, కాలివేళ్ల మొదళ్లలో వస్తుంది. చాలవరకు కుడి ఎడమలు రెండింటా ఒక్క తీరుగా వస్తుంది. వాటితోపాటు అలసట, సన్నని జ్వరం, ఆకలి మందగించుట కూడా ఉండవచ్చును. ఆరు వారాలు దాటి ఇట్లున్నదంటే అది గున్యా మిగిల్చిన నొప్పి అయినను సరే, మరేదయినను సరే, తెలిసిన వైద్యుని చూడవలసిన సమయమే.

ఆలస్యమెందుకు కూడదనగా, కీలు లోపలి పొర ఉబ్బి మృదులాస్థిని, దాని కింది ఎముకను కొరికివేయడం మొదటి రెండేండ్లలోనే చాలవరకు జరిగిపోతుంది. కొరికిపోయిన ఎముకను ఏ మందూ తిరిగి మొలిపించలేదు. మొదటి నెలలలో చికిత్స మొదలుపెట్టినవారిలో అనేకులకు వ్యాధి దాదాపు నిద్రాణమై, వేళ్లు నిటారుగా నిలుస్తవి. సూదులతో గడిపే ఆ రెండు మూడేండ్లు సరిగ్గా ఈ విలువైన కాలాన్నే మింగుతున్నవి.

పరీక్షల విషయంలో కూడా ఒక అపోహ ఉన్నది. రక్తపరీక్షలో రుమటాయిడ్ ఫ్యాక్టర్ కనిపించనంత మాత్రాన వ్యాధి లేదని కాదు, కనిపించినంత మాత్రాన ఉన్నదనీ కాదు. ఆరోగ్యవంతులైన వృద్ధులలో సైతం అది కొందరికి కనిపిస్తుంది. యాంటీ సి.సి.పి. అనే పరీక్ష దానికంటె నమ్మదగినది. ఇక ఏ.ఎస్.ఓ. పరీక్ష వ్రాయించుకొని, అంకె పెరిగినదని నెలల తరబడి పెన్సిలిన్ సూదులు తీసుకొనే పెద్దవారు మన ప్రాంతంలో లేకపోలేదు. ఆ పరీక్ష గొంతునొప్పి తరువాత ప్రధానంగా పిల్లలకు వచ్చి గుండెకవాటాలను చెరిచే రుమాటిక్ జ్వరానికి సంబంధించినది. ముప్ఫై ఏండ్ల స్త్రీ వేళ్లవాపునకు అది జవాబు చెప్పదు. రక్తంలోని అంకెకంటె వైద్యుడు వేలి కణుపును తన బొటనవ్రేలితో నొక్కి చూడడమే ఇక్కడ ముఖ్యం.

సూది గురించి కొంత విపులంగా చెప్పవలసి ఉన్నది. ఆ పొట్లంలో సాధారణంగా రెండు జాతుల మందులుంటవి. ఒకటి నొప్పిని అణచే డైక్లోఫెనాక్ వంటిది. కొద్దిరోజులకు అది ఉపకారమే. ఏండ్ల తరబడి వాడితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు చేటు. పశువులకు వాడిన ఈ మందు వాటి కళేబరాలను తిన్న రాబందుల మూత్రపిండాలను పాడుచేసి మన దేశంలో ఆ జాతినే దాదాపు తుడిచిపెట్టినది. 2004లో కారణం బయటపడినది, 2006లో పశువైద్యంలో దానిని నిషేధించినారు. మనిషి రాబందు కాడు, మోతాదు వేరు, నిజమే. ఐనను, మూత్రపిండంపై దాని ప్రభావం ఎట్టిదో మరచిపోకుండుటకు ఈ సంగతి చెప్పినాము.

రెండవది స్టిరాయిడు. దీని కథ వినదగినది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు ఒక వింత గమనించినాడు. కీళ్లవ్యాధి గల స్త్రీలు గర్భవతులైనప్పుడు, కొందరు రోగులకు కామెర్లు వచ్చినప్పుడు వాపు తానంతట తానే తగ్గుతున్నది. అట్లయితే శరీరంలోనే ఏదో రసం ఈ పని చేస్తున్నదని ఊహించి, ఎడ్వర్డ్ కెండాల్ అనే రసాయనశాస్త్రజ్ఞుని సహాయంతో 1948 సెప్టెంబరులో కార్టిజోన్ అనే పదార్థాన్ని ఒక రోగికి ఇచ్చినాడు. మంచం పట్టిన ఆమె కొద్దిరోజులలో లేచి నడిచినది. 1950లో హెంచ్, కెండాల్, స్విట్జర్లాండుకు చెందిన రైఖ్‌స్టైన్, ముగ్గురికీ నోబెల్ బహుమతి లభించినది. ప్రపంచమంతా వ్యాధి జయింపబడినదని సంతోషించినది. కొద్ది సంవత్సరాలలోనే లెక్క తేలినది: ముఖం చంద్రబింబమువలె ఉబ్బుట, ఎముకలు డొల్లబారుట, చక్కెరవ్యాధి, రక్తపోటు, అణగియున్న క్షయ తిరిగి లేచుట. నేడు కూడా తెలిసిన వైద్యులు స్టిరాయిడును వాడుతారు. తక్కువ మోతాదులో, కొద్దికాలానికి, అసలు మందు పనిచేయడం మొదలయ్యేవరకు వంతెనవలె వాడుతారు. మా ఆక్షేపణ స్టిరాయిడుపై కాదు. రోగికి చెప్పకుండా, పేరు లేని పొట్లంలో, హద్దు లేకుండా ఇవ్వడంపై. మూలికల పొడులని అమ్మేవాటిలో సైతం స్టిరాయిడు కలిపియున్నట్లు పరీక్షలలో బయటపడిన సందర్భాలు దేశంలో ఉన్నవి. 'ఒక్క పొట్లంతో లేచి కూర్చున్నది' అని ఎవరైనా మెచ్చుకొన్నప్పుడు అనుమానించవలసినది అక్కడనే. నెలల తరబడి అది మింగినవారు ఒక్కసారిగా మానినను ప్రమాదమే. శరీరం స్వయంగా ఆ రసాన్ని తయారుచేసుకొనుట మరచిపోయి ఉంటుంది. వైద్యుని సలహాతో క్రమక్రమంగా తగ్గించవలెను.

మన కళాశాలలో హకీముల కుటుంబాలనుండి, వైద్యుల కుటుంబాలనుండి వచ్చిన విద్యార్థులున్నారు గనుక ప్రాచీన వైద్యాల ప్రసక్తి లేకుండా ముగించుట న్యాయం కాదు. కీళ్లనొప్పులన్నీ ఒకటి కావని మన పెద్దలకు ఏనాడో తెలుసును. మాధవకరుని నిదానగ్రంథం ఆమవాతాన్ని ప్రత్యేక వ్యాధిగా వర్ణించినది. యునానీ గ్రంథాలు వజా-ఉల్-మఫాసిల్‌ను, బొటనవ్రేలిని పట్టే నిక్రిస్‌ను వేరువేరుగా చెప్పినవి. నిక్రిస్‌కు హకీములు వాడిన సూరంజాన్ దుంపజాతి నుండే కాల్చిసిన్ అనే మందు వచ్చినది. నేటి వైద్యులు ఆ మందును అదే వ్యాధికి వ్రాస్తున్నారు. మన హైదరాబాదు ఎర్రగడ్డలోని కేంద్రప్రభుత్వ యునానీ పరిశోధనసంస్థ బొల్లి చికిత్సకు పేరు పొందినది, దూరప్రాంతాలనుండి కూడా రోగులు అక్కడికి వస్తారు. మేము ఈ వైద్యాలను చిన్నచూపు చూడము. కాని కీలు ఎముక కొరికిపోతున్నదా లేదా అనేది ఎక్సురేలో చూడకుండా, 'ఇంకొక ఆరునెలలు ఓపిక పట్టండి' అనే వైద్యుడు ఏ పద్ధతివాడైనను ఒప్పుకొనరాదని మా నిశ్చితాభిప్రాయం. ఓపికకు రెండేండ్ల గడువే ఉన్నదని ముందే చెప్పినాము.

బొల్లి మాట వచ్చినది గనుక మరొక్క సంగతి. తెల్లమచ్చ కనిపించగానే కుష్ఠు అని భయపడి పిల్లను దాచే ఇండ్లు ఇంకను ఉన్నవి. కుష్ఠు మచ్చలో స్పర్శ తగ్గుతుంది. బొల్లి మచ్చలో స్పర్శ యథాప్రకారం ఉంటుంది. బొల్లి అంటదు. కుష్ఠుకే నేడు పూర్తి చికిత్స ఉన్నప్పుడు బొల్లికి వెలి ఏమిటి? ఈ విషయంలో మన పాత నిజామాబాదు జిల్లాకు ఒక చరిత్ర ఉన్నది. ఐసబెల్ కెర్ అనే స్కాట్లండు వైద్యురాలు, స్థానిక దాత నర్సాగౌడు చేసిన సహాయంతో 1915 ప్రాంతంలో డిచ్‌పల్లిలో కుష్ఠురోగుల ఆసుపత్రిని నెలకొల్పినది. ఊరు వెలివేసినవారు బండ్లెక్కి, కాలినడకన అక్కడికి వచ్చినారు. దాచిన రోగం బయటకు వచ్చినప్పుడే చికిత్స సాధ్యమని ఈ జిల్లా నూరేండ్ల క్రిందటనే చూచినది. అదే జిల్లాలో నేడు పెండ్లి కావలసిన ఆడపిల్ల వేళ్లవాపును సంబంధం కుదిరేదాకా దాచిపెట్టుట మాకు అత్యంత బాధాకరంగా తోచుచున్నది. పెండ్లిలో వేళ్లు నిటారుగా ఉంటవి. బిడ్డ పుట్టినాటికి ఉండవు.

ఇక అసలు మందు. దీని పేరు మెథోట్రెక్సేట్. దీనిని గురించి తెలుగువారికి తెలియకపోవుట ఒక విచిత్రం, ఏలననగా దీని వెనుక ఉన్నవాడు తెలుగువాడు. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించినాడు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, పూర్తి పట్టాకు బదులు తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో బయటపడినాడు. స్ప్రూ అనే పేగులవ్యాధి ఆయన సోదరులనిద్దరిని బలిగొన్నది. అమెరికా వెళ్లి హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని కనుగొన్నాడు. మన ప్రయోగశాలలో బయోకెమిస్ట్రీ విద్యార్థులు చదివే ఫిస్కే-సుబ్బారో పద్ధతి అదే. 1940లో లెడర్లే కంపెనీ పరిశోధనాలయంలో చేరినాడు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది, అటుపిమ్మట ఆ ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగించే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే పదార్థాలను తయారుచేసినది. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరు సోకిన పసిపిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, తాత్కాలికంగానైనను వ్యాధి వెనుకంజ వేసినదని 1948లో ప్రకటించినాడు. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూసినాడు. అప్పటికి ఆయన వయసు యాభైమూడు.

తన మందు కీళ్లవ్యాధికి ఉపకరిస్తుందని ఆయనకు తెలియదు. 1951లో గబ్నర్ అనే అమెరికా వైద్యుడు అమినోప్టెరిన్ వాడినప్పుడు కీళ్లవాపు, సోరియాసిస్ పొలుసులు తగ్గుటను గమనించినాడు. కాని అప్పుడు లోకమంతా కార్టిజోన్ మత్తులో ఉన్నది, ఆయన మాట విన్నవారు లేరు. 1980లలో మెథోట్రెక్సేట్‌పై సక్రమమైన పరీక్షలు జరిగి, 1988లో అమెరికా ప్రభుత్వం దానిని రుమటాయిడ్ వ్యాధికి ఆమోదించినది. నాటినుండి నేటివరకు ఈ వ్యాధికి ప్రపంచంలో మొట్టమొదట వ్రాసే మందు చాలవరకు ఇదే. దీని తరువాత ఖరీదైన జీవౌషధాలు ఎన్నో వచ్చినవి. వాపును రగిలించే టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని అడ్డుకొనే సూదిమందు ఆలోచనకు లండనులో కృషిచేసిన ఇద్దరిలో ఒకరైన రవీందర్ మైనీ పంజాబులో జన్మించినవాడే. అట్టి సూదిమందులు వేయించుకొనే ముందు క్షయ లేదని తేల్చుకొనుట మన దేశంలో తప్పనిసరి. మద్నూరు ఇల్లాలికి ఆ దాకా పోవలసిన అవసరం అరుదు. ఆమెకు కావలసిన పాత గోలీ మెడికల్ షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది.

దొరుకుతుంది గాని, ఇక్కడనే ప్రాణాపాయమొకటి పొంచి ఉన్నది. ఈ వ్యాధికి మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకొనే మందు. మన అలవాటు వేరు. గోలీ అంటే రోజూ పూటపూటకు వేసుకొనేదే. వైద్యుడు చీటీపై ఆంగ్లంలో వారానికొకసారి అని వ్రాస్తాడు. ఇంటికి వచ్చేసరికి ఆ చీటీ ఏ బియ్యం డబ్బా క్రిందనో చేరుతుంది. రోజూ మింగితే వారంపదిరోజులలోనే నోరంతా పుండ్లుపడి, ఎముకల మజ్జ ఎండి, రక్తకణాలు పడిపోయి మనిషి చనిపోవచ్చును. ఇది ఊహ కాదు. మందుల వాడకంలోని పొరపాట్లను గమనించే సంస్థలు ప్రపంచమంతటా పదేపదే హెచ్చరిస్తున్న ప్రమాదమిది. అక్షరజ్ఞానం బాగుగా ఉన్న దేశాలలోనే ఇట్టి మరణాలు జరిగినప్పుడు, ఆంగ్లం రాని మన ఇండ్లలో ఎంత జాగ్రత్త అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

విద్యార్థి మిత్రులారా, మీరు చేయదగిన పని ఇది. ఇంట్లో ఆంగ్లచీటీని చదువగలవారు అనేకచోట్ల మీరొక్కరే. అమ్మకో, అమ్మీకో, పక్కింటి అత్తకో వచ్చిన మందులపెట్టెను అడిగి తీసుకొని చదవండి. వారానికొకసారి మందు ఉన్నట్లయితే ఆ వారం పేరును పెట్టెపై పెద్ద అక్షరాలతో వారు చదివే లిపిలో వ్రాయండి. చదువు రానివారికి ఇంటిలో తప్పకుండా గుర్తుండే రోజును వైద్యునితో చెప్పి నిర్ణయించుకొనండి. మస్జిదుకు పోయే ఇంట జుమా రోజు మరపునకు రాదు. శనివారం ఒక్కపొద్దు ఉండే ఇంట శనివారం మరపునకు రాదు. వేరొక రోజున ఫోలిక్ ఆమ్లం గోలీ కూడా ఇస్తారు. అది మెథోట్రెక్సేట్ చేసే ఇబ్బందిని తగ్గించుటకు. ఈ రెండింటిని తారుమారు చేసుకొనుట మరొక ప్రమాదం, రెండూ పసుపు రంగులోనే ఉండవచ్చును గనుక. ఫోలిక్ ఆమ్లమూ, దానిని అడ్డగించే మందూ రెండూ సుబ్బారావు బృందం చేతిమీదుగానే వచ్చినవి గదా!

రంజాను మాసంలో మందులన్నీ మానివేసే అలవాటు కొందరికి ఉన్నది. వారానికొకసారి వేసుకొనే మందుకు ఉపవాసం అడ్డు కాదు. ఇఫ్తారు తరువాత రాత్రి భోజనమయిన పిమ్మట వేసుకొనవచ్చును. ముందుగా వైద్యునితో మాట్లాడుకొంటే రోజా, చికిత్స రెండూ నిలుస్తవి. రక్తమూ, కాలేయమూ సరిగా ఉన్నవో లేదో చూచే పరీక్షలను మాత్రం వైద్యుడు చెప్పిన గడువులో చేయించుకొనవలెను. మరొక ముఖ్యవిషయం: గర్భిణులు ఈ మందు వేసుకొనరాదు, బిడ్డకు అంగవైకల్యం కలుగుతుంది. బిడ్డ కావలెననుకొనేవారు కొన్ని నెలల ముందుగానే వైద్యునికి చెప్పినట్లయితే గర్భంలో వాడదగిన ఇతర మందులకు మార్చుతారు. హైడ్రాక్సీక్లోరోక్విన్ అట్టిది. (2020లో కరోనా భయంతో జనమంతా దానిని కొని దాచుకొన్నప్పుడు, దాని మీదనే బ్రతికే ల్యూపస్ రోగులు మందు దొరకక అలమటించినారు. ఆ కరోనాకు అది పనిచేయదని తరువాత తేలినది.) కోడలి వ్యాధి పుట్టింటివారు చెప్పక, మందు అత్తింటివారికి తెలియక జరిగే అనర్థం ఇక్కడ కూడా ఉన్నది. ఆ రహస్యం ఖరీదును ఒక శిశువు చెల్లిస్తుంది.

వైద్యుడెక్కడ ఉన్నాడని అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కీళ్లవ్యాధుల నిపుణులు దాదాపు అందరూ నగరాలలోనే ఉన్నారు. హైదరాబాదు పంజాగుట్టలోని నిమ్స్, మన పెద్దలు నిజాం ఎముకల ఆసుపత్రి అని పిలిచేది, అందులో ఈ వ్యాధులకు ప్రత్యేక విభాగం ఉన్నది. కాని మద్నూరు నుండి అక్కడికి పోయి రావడమంటే రెండురోజుల కూలి పోవడం, తోడుగా వచ్చేవాని కూలి పోవడం. నాందేడు దగ్గరని అటు పోయేవారూ ఉన్నారు. 2013లో నిజామాబాదుకు, 2023లో కామారెడ్డికి ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చినవి గనుక దూరం కొంత తగ్గినది. మొదటిసారి నిపుణుడు చూచి మందు నిర్ణయించిన తరువాత, నెలనెలా రక్తపరీక్షలు చూచి కొనసాగించే పని దగ్గరి ప్రభుత్వ వైద్యుడు చేయగలడు. ఏటా ఒకటి రెండుసార్లు మాత్రమే పట్నం పోతే చాలును. ఈ ఏర్పాటు ఎవరో ఒకరు కుదుర్చవలెను. గ్రామంలో సూది వేసే పెద్దమనిషిని కూడా మేము శత్రువుగా చూడము. అర్ధరాత్రి తలుపు తట్టితే లేచేది ఆయనయే. 'ఆరువారాలు దాటిన వేళ్లవాపును నేను ఉంచుకొనను, పంపుతాను' అని ఆయన అనుకొన్ననాడు ఈ మండలంలో సగం పని అవుతుంది.

ఇది ఆరోగ్యశాఖ పని, కళాశాలది కాదని పాలకవర్గం పెద్దలు అనవచ్చును. ఆరోగ్యశాఖ పనే. అయితే ఒకే పైకప్పు క్రింద ఉర్దూ, తెలుగు, మరాఠీ మూడు లిపులు వ్రాయగల యువకులను, యువతులను సమకూర్చుకొన్నది మన కళాశాల మాత్రమే. అందువల్ల రెండు కోరికలను పాలకవర్గం ముందుంచుతున్నాము. మొదటిది, పత్తి ఏరడం ముగిసి చేతులకు కొంత తీరిక దొరికే కాలంలో, వైద్యకళాశాలనుండి ఒక వైద్యుని పిలిపించి మన ఆవరణలో ఒక్కరోజు కీళ్లపరీక్ష జరిపించవలెను. స్త్రీలకు వేరుగా, స్త్రీలే నమోదు చేసుకొనేటట్లు ఉండవలెను. లేనియెడల దాచుకొన్నవారు రారు. రెండవది, ఏడు వారాల పేర్లను మూడు లిపులలో, ఒక్కొక్క వారానికి ఒక్కొక్క రంగున, జిగురుకాగితంపై అచ్చువేయించి మండలంలోని మెడికల్ షాపులకు ఉచితంగా ఇవ్వవలెను. మెథోట్రెక్సేట్ అమ్మినప్పుడల్లా రోగికి చెప్పిన వారం చీటీ ఒకటి పెట్టెపై అంటించడానికి దుకాణదారునికి పది క్షణాలు పట్టదు. అక్షరాలను మన చిత్రలేఖన విద్యార్థులే వ్రాయగలరు, ఉర్దూ వారాలను ఉర్దూ విభాగంవారు దిద్దగలరు. అచ్చు ఖర్చు ఈ సంచిక అట్టకయ్యే ఖర్చును మించదని మా అంచనా. వచ్చే సమావేశపు అంశాల పట్టికలో దీనిని చేర్చవలసినదిగా కార్యదర్శిగారిని కోరుతున్నాము.